అతిథుల కోసం ఊడ్చేసిన బజారు

ఆ ఉదయం తాళ్ళ షావుకారు చేతిలో ఉన్నదేమిటో ఒకసారి చూసుకుని ముందుకు వెళదాం.

ఒక దుకాణం ఉంది. దాని వెనక వసారాలో తాళ్ళు పేనే పనివాళ్ళున్నారు. దుకాణం మీద ఇల్లుంది, ఇంట్లో ఆయనకంటే గట్టిగా బేరమాడే భార్య ఉంది. భార్యకో తమ్ముడున్నాడు, నగరపాలక సంస్థలో ప్రోటోకాల్ ఆఫీసరు. వచ్చిన పెద్దవాళ్ళని ఎక్కడ నిలబెట్టాలో, ఎవరి పక్కన కూర్చోబెట్టాలో, ఎప్పుడు చప్పట్లు కొట్టించాలో చూసుకునే ఉద్యోగం. ఆ బావమరిది చలవవల్లే షావుకారుకి స్వాగత సంఘంలో చోటు, చొక్కాకి గుచ్చుకునే బిళ్ళ దొరికాయి. ఇవన్నీ పైకి కనిపించేవి. పైకి కనిపించనిది ఒక కబురు. సముద్రం అవతల ఉన్న సోదర నగరం పెద్ద రేవు. ఇక మీదట ఆ రేవులో చేపల పడవలకి ప్లాస్టిక్ తాళ్ళు వాడకూడదని అక్కడి పాలకులు తీర్మానించారు. నారతాళ్ళు కావాలి. పేనేవాళ్ళు అక్కడ మిగల్లేదు.

రెండు నగరాలకీ చుట్టరికం కలిసి చాలా ఏళ్ళే అయింది. ఇన్నేళ్ళలో ఇక్కడినుంచి అక్కడికి జ్ఞాపికలు వెళ్ళాయి, అక్కడినుంచి ఇక్కడికి జ్ఞాపికలు వచ్చాయి. మేయర్లు మారారు గాని ప్రసంగాలు మారలేదు. ఈ చుట్టరికంవల్ల ఇంతవరకూ బాగుపడ్డవాడు ఎవరయ్యా అంటే ఫోటోలకి ఫ్రేములు కట్టేవాడొక్కడే. ఈసారి మాత్రం వచ్చిన బృందంలో రేవు పర్యవేక్షకురాలు ఉంది. విందులూ సన్మానాలూ సరే, ముందు మీ తాళ్ళ బజారు చూపించండి అని ఆవిడే నోరు తెరిచి అడిగింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ షావుకారు మంచి మోకులు ఏరి పక్కన పెడుతూనే ఉన్నాడు.

పోయినవారం మనం ఆయన్ని వదిలింది, అతిథులు రావలసిన పొద్దున మెట్లు దిగి వచ్చి, వీధిని చూసి, అడుగు పడక ఆగిపోయిన చోట.

వీధి ఉంది. బజారు లేదు.

తనది తప్ప షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. తోపుడు బళ్ళు లేవు, గోనెలు లేవు, హమాలీల కేకలు లేవు. దుకాణాల ముందు ఎండకి కట్టుకున్న పరదాలు విప్పేశారు. నేలంతా నీళ్ళు కొట్టి కడిగారు. నార వాసనా తారు వాసనా చెమట వాసనా అన్నీ కలిసి కాలవలోకి పోయాయి. రెండు పక్కలా పూలకుండీలు వరసగా నిలబెట్టారు. తెచ్చిన చోటి చీటీలు వాటి మెడల్లో ఇంకా వేలాడుతున్నాయి. వీధి ఈ చివరా ఆ చివరా గోడల్లో దిగేసిన ఇనప కొక్కేలకి రంగుకాగితాల జెండాలు తగిలించారు.

ఆ కొక్కేల సంగతి తెలియకపోతే ఈ కథ తెలియదు. చిన్న తాడు వసారాలో పేనొచ్చు. పడవని కట్టే మోకు అలా కాదు, దానికి పొడుగు కావాలి. పొద్దున్నే బళ్ళు రాకముందు, ఈ చివరి కొక్కెం నుంచి ఆ చివరి కొక్కెం దాకా మూడు పేటలు లాగి కట్టి, ఒక చివర తిప్పుతూ ఉంటే రెండో చివరినుంచి కలుపుకుంటూ వస్తారు. వీధి పొడుగులో కొంత పురిలోకి పోగా మిగిలేదే మోకు. అంటే ఆ బజారుకి కర్మాగారమంటూ వేరే లేదు. వీధే కర్మాగారం.

ఎదుటి మేడమీద కిటికీ తెరుచుకుంది. బకెట్లు అమ్మే పిన్ని తల బయటికి పెట్టింది.

“ఏం షావుకారూ, బజారంతా మూసేశారు? ఎవరైనా పోయారా?”

“పోలేదు పిన్నీ. వస్తున్నారు.”

“అయ్యో. పోయినప్పుడు కూడా ఒక పక్క తలుపు తీసి ఉంచుకుంటామే!” అని పిన్ని కిటికీ వేసేసుకుంది.

అప్పుడే బావమరిది గబగబా వచ్చాడు. కోటు కొత్తది. నడక కూడా కొత్తగానే ఉంది, తడినేల మీద జారకుండా.

“బావా, నువ్వింకా బయటే ఉన్నావా? లోపలికి పద. కార్లు బయల్దేరాయి.”

“ఏమిటోయ్ ఇది?”

“మా వాళ్ళు తెల్లారకముందే వచ్చి చేశారు. బాగుంది కదూ?”

“బాగుంది. బజారెక్కడ?”

“వెనక సందులో ఉంచాం. బళ్ళూ మనుషులూ అందరూ అక్కడే ఉన్నారు. టీలు కూడా ఇప్పించాం. నువ్వేం కంగారుపడకు, నీ తాడు టౌనుహాల్లో అద్దాల బీరువాలో పెట్టించాను. పైన దీపం. ఎర్ర రిబ్బను కట్టించాను.”

“తాడుకి రిబ్బను కట్టావా?”

“చూడటానికి ముచ్చటగా ఉంటుందని.”

“సరుకు కట్టడానికి తాడు కొంటారని విన్నాను గాని, తాడుని కట్టడానికి ఇంకోటి కొనడం ఇదే చూడటం,” అన్నాడు షావుకారు. బావమరిది ఆయన రెక్క పట్టుకుని దుకాణంలోకి నడిపించి, షట్టరు సగం దించాడు. షావుకారు మాట ఆపలేదు. “ఆవిడ రేవులో పని చేసే మనిషి. అద్దంలోంచి చూసి మోకు కొంటుందిటోయ్? మెలి విప్పి లోపలి పోగు చూడాలి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి, కాలు తన్నిపెట్టి లాగాలి. నువ్వు వేసుకున్న బూట్లు అద్దంలోంచి చూసి కొన్నావా, కాలు పెట్టి చూసి కొన్నావా?”

“బూట్లు వేరు, పరువు వేరు బావా. పోయినసారి మేయరుగారు వాళ్ళ ఊరు వెళ్ళొచ్చారు కదా. అక్కడి రేవు వీధి ఫోటో ఆయన గదిలో గోడకి ఉంది. ఒక్క కాగితం ముక్క లేదు, ఒక్క బండి లేదు. చెట్లూ, కూచునే బల్లలూ. రోజూ దాన్ని చూసి నిట్టూరుస్తారు. అలాంటి ఊరివాళ్ళకి మన గోనెలూ మన బురదా చూపించి తల ఎక్కడ పెట్టుకోమంటావు?”

“సరే. ఒక్క పూటేగా?”

బావమరిది జవాబు చెప్పడానికి ముందు ఫోను తీసి చూశాడు. ఫోను మోగలేదు. లోపమున్న సరుకుకి ధర చెప్పేవాడు ముందు తీసుకునే ఊపిరిని షావుకారు పుట్టినప్పట్నుంచీ వింటున్నాడు. ఇది అదే.

“ఒక్క పూటేనా అని అడిగాను.”

“సాయంత్రం ఒప్పందం మీద సంతకాలయ్యాక మేయరుగారు ప్రకటిస్తారు. ఈ వీధికి సోదర నగరం పేరు పెడుతున్నారు. నడక వీధి చేస్తారు. బళ్ళు ఉండవు, సరుకు దించడాలు ఉండవు. బల్లలూ చెట్లూ పెడతారు. మీ అందరికీ ఊరి బయట కొత్త భవనం. ఒక్కొక్కళ్ళకి ఒక్కో గది. లిఫ్టుంది బావా.”

లోపలి మెట్లమీద చప్పుడైంది. షావుకారు భార్య రెండు కాఫీ గ్లాసులతో దిగి వస్తోంది. ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయింది.

షావుకారు గొంతు పెంచలేదు. “ఆ భవనంలో నడవ పొడుగెంత?”

“ఏమిటి?”

“గదుల ముందు నడవ ఉంటుంది కదా. ఆ మూలనుంచి ఈ మూలకి ఎంత పొడుగు?”

“అద్దె ఎంతని అడుగుతావనుకున్నాను.”

“దుకాణం ఎక్కడైనా పెట్టుకుంటాను. వీధి పొడుగు ఎక్కడ తెచ్చుకోను? ఈ మోకు చుట్టలమీద కూచుని చదువుకున్నవాడివి, నీకు వేరే చెప్పాలా? ఆ గదుల్లో పేనేది బట్టలారేసుకునే తాడు. పడవ కట్టే మోకు కాదు. అంటే ఇవాళ ఆవిడ మన సరుకు మెచ్చుకుని అడిగినా, రేపు ఇవ్వడానికి మన దగ్గర ఉండదు.”

బావమరిది కోటు గుండీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

“నాకు తెలీదనుకోకు. నడక వీధి ప్రకటిస్తే దానితోపాటు విదేశీ సంబంధాల విభాగమని కొత్తది పెడతారు. దానికి నన్ను అధికారిని చేస్తామన్నారు. ఎన్నాళ్ళు బావా కుర్చీలు సర్దను? పూలగుత్తి ఎవరి చేతికి ముందు ఇవ్వాలో చూసుకుంటూ జుట్టు నెరిసిపోయింది.”

“తమ్ముడూ, కాఫీ చల్లారుతోంది,” అంది అక్క. గ్లాసు చేతికిచ్చి, మూసిన వీధి వైపు సగం దించిన షట్టరు కిందనుంచి ఒకసారి వంగి చూసింది. “ఇల్లు చూస్తామని చుట్టాలొస్తే, ఇంట్లోవాళ్ళని పెరట్లో దాచి గోడలు చూపించినట్టుంది మీ మేయరుగారి పని.”

“అక్కా, నువ్వు కూడా బావ పక్షమే.”

“నేనెవరి పక్షమూ కాదు. ఒకరు కట్టుకున్నవాడు, ఒకరు తోడబుట్టినవాడు. మీలో ఎవరు నెగ్గినా వంట నాదే. మధ్యాహ్నం ఇద్దరూ ఇక్కడే తినాలి. అలిగి బయట తిన్నవాడికి ఇక ఈ ఇంట్లో ఎన్నడూ ఆకలి వెయ్యకూడదు.”

బావమరిది కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. “బావా, ఒక్కటి అడుగుతాను. అతిథులు నడుస్తున్నప్పుడు నువ్వు బయటికి రాకు. నువ్వొచ్చి నలుగురిలో ఈ గొడవ పెడితే, సొంత బావే పరువు తీశాడంటారు. నా పని అయిపోతుంది. మాటివ్వు.”

షావుకారు ఆలోచించాడు. కొనేవాడి వెంట పరిగెత్తినవాడికి ధర పలకదు. కేకలు వేస్తూ వీధిలోకి దూకితే ఆవిడ కంటికి కనపడేది మోకు కాదు, గొడవ. పైగా ఎదుట నిలబడ్డవాడు తన ఇంట్లో తిని పెరిగినవాడు. వాడి ఉద్యోగం పోగొట్టి సంపాదించిన బేరాన్ని ఈ ఇంట్లో ఏ మూల పెట్టుకోవాలి?

“షట్టరు నేను తియ్యను. వీధిలోకి రాను. నోరెత్తి పిలవను. చాలా?”

“చాలు.”

“వాళ్ళే తీయమంటే?”

“మూసిన షట్టరులో చూడటానికేముంటుంది బావా?”

“మాటకి అడిగాను.”

బావమరిది వెళ్ళిపోయాడు. షావుకారు ఏరి పెట్టుకున్న వాటిలోంచి అన్నిటికంటే మంచి మోకు బయటికి లాగాడు. ఒక చివర దుకాణం మధ్య స్తంభానికి కట్టాడు. రెండో చివర గుమ్మం దాటించి, కడిగిన నేలమీద మూరెడు దాకా వదిలి, దానిమీద షట్టరు దించాడు. షట్టరు పూర్తిగా దిగలేదు, మోకు మీద కూచుంది. కింద చిన్న సందు మిగిలింది.

“మాట తప్పారు అనరా?” అంది భార్య.

“ఏ మాట?”

ఆవిడ లెక్కచూసుకుని, “ఏదీ తప్పలేదు లెండి,” అని గోనెమీద కూచుంది.

షావుకారు నేలమీద చతికిలబడి సందులోంచి చూశాడు. మనుషులు కనపడలేదు, బూట్లు కనిపించాయి. తళతళలాడేవి మేయరుగారివి. కొత్తవి బావమరిదివి. పల్చటి చెప్పులు దుభాషి అమ్మాయివి కావచ్చు. వాటి మధ్య మందపాటి అడుగున్న పాత తోలుజోళ్ళు ఒక జత నడిచి వస్తోంది. ఉప్పునీళ్ళు ఆరి వాటి అంచులు తెల్లబడి ఉన్నాయి.

“ఇది మా చారిత్రక వీధి. ప్రశాంతతకి పేరు,” అంటున్నాడు మేయరు.

పై కిటికీలోంచి పిన్ని దగ్గు వినిపించింది.

తోలుజోళ్ళు ఆగాయి. ఒక చెయ్యి కిందికి దిగింది. ఎండకి కమిలిన వేళ్ళు. మోకు చివర పట్టుకుని ఎదురు మెలి తిప్పి పేటలు విడదీశాయి, లోపలి పోగుని బొటనవేలితో రుద్దాయి. తర్వాత మోకు చివర పైకి వెళ్ళిపోయింది; వాసన చూస్తోందన్నమాట.

“అది ఊడ్చేటప్పుడు మిగిలిపోయినట్టుందండి,” అన్నాడు మేయరు. “ఏమయ్యా, తీయించు.”

కొత్త బూట్లు ముందుకొచ్చాయి. బావమరిది లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. స్తంభం కదిలేది కాదు, మోకు తెగేది కాదు. షట్టరు ఇవతల షావుకారు భార్య చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

పర్యవేక్షకురాలు ఏదో అని, బావమరిదిని పక్కకి తప్పించింది. ఒక తోలుజోడు వచ్చి షట్టరుకి తన్నిపెట్టుకుంది. ఆ తర్వాత పడిన లాగుడుకి స్తంభం మీది దుమ్ము రాలింది. షావుకారుకి మహా సంతోషమేసింది. ఎన్నో ఏళ్ళుగా ఆయన సరుకుని ఎవరూ అంత బాగా లాగలేదు.

దుభాషి గొంతు వినిపించింది. “లోపల ఎవరున్నారని అడుగుతున్నారు సార్.”

“ఎవరూ లేరమ్మా. గోడౌను,” అన్నాడు మేయరు.

షావుకారు స్తంభం దగ్గర ముడి విప్పి, మోకుని చేతికి తీసుకుని, రెండుసార్లు లాగి వదిలాడు.

తర్వాత అటునుంచి రెండు లాగుళ్ళు వచ్చాయి. ఇటునుంచి రెండు వెళ్ళాయి. ఆవిడ పెద్దగా నవ్వింది.

“ఎవరూ లేని గోడౌను బాగానే బలంగా ఉందంటున్నారు సార్,” అంది దుభాషి. తన పని తను చేస్తున్న గొంతే అది, అందులో వంక పెట్టడానికేమీ లేదు.

“తియ్యవయ్యా షట్టరు,” అన్నాడు మేయరు.

బావమరిది వంగి ఎత్తాడు. వెలుగు లోపలికి పడింది. నేలమీద మోకు పట్టుకుని చతికిలబడ్డ షావుకారూ, గోనెమీద ఖాళీ గ్లాసుతో ఆయన భార్యా కనిపించారు. షావుకారు లేచి, దులుపుకుని, చొక్కాకున్న స్వాగత సంఘం బిళ్ళ సర్దుకుని నమస్కారం పెట్టాడు. సంఘ సభ్యుడు కాబట్టి ఆయన అక్కడ ఉండకూడదని ఎవరూ అనలేకపోయారు.

రేవు పర్యవేక్షకురాలు లోపలికొచ్చింది. పొడవాటి మనిషి, నెరిసిన పొట్టి జుట్టు. చుట్టలన్నీ తట్టి చూసింది. రెండు విప్పించింది. ఒకటి బాగాలేదని చెయ్యి అడ్డంగా ఊపింది. అది నిజంగానే బాగాలేదు. తర్వాత గుమ్మంలో నిలబడి ఖాళీ వీధిని ఈ చివరినుంచి ఆ చివరికి చూసి అడిగింది. దుభాషి చెప్పింది:

“ఇంత సరుకుంది, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఏరీ అంటున్నారు.”

“ఇవాళ బజారుకి సెలవు,” అన్నాడు మేయరు వెంటనే.

ఆవిడ ఆ మాట విని తల ఊపి, షావుకారు వైపు తిరిగి, ఒకే ఒక్క మాట అడిగింది.

“సెలవేనా? అంటున్నారు,” అంది దుభాషి.

ఇదీ అసలు బేరం. అవునంటే మేయరు మాట నిలుస్తుంది, బావమరిది నిలుస్తాడు. కాని ఈవిడ ఇందాక వేలితో పోగు రుద్ది చూసిన మనిషి. మొదటి మాటే కల్తీ అయితే ఇక మోకుని ఎందుకు నమ్మాలి? కాదంటే మోకు నిలుస్తుంది. మిగతావన్నీ పడతాయి. బావమరిది ఆయన వైపు చూడటం లేదు. షట్టరు గొళ్ళెం వైపు చూస్తున్నాడు.

“సెలవు కాదండి,” అన్నాడు షావుకారు నెమ్మదిగా. “మీరొస్తున్నారని ఊడ్చాం. మంచి చూపించాలన్న ఆత్రంలో కాస్త ఎక్కువ ఊడ్చేశాం. చెత్తతోపాటు బజారు కూడా వెళ్ళిపోయింది.”

దుభాషి ఒక క్షణం మేయరు మొహం చూసింది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆవిడ నవ్వలేదు. మేయరు వైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది. మధ్యలో చేతులతో బల్లలంత వెడల్పు, చెట్లంత ఎత్తు చూపించింది. దుభాషి గొంతు సవరించుకుంది.

“ఏమంటున్నారంటే సార్... పోయినసారి మీరు వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళూ ఊడ్చారట. మీరు ఫోటో తీసుకున్న రేవు వీధి చేపల బజారట. మీరొస్తున్నారని ఆ రోజు చేపలవాళ్ళని పడవలెక్కించి సముద్రంలోకి పంపేశారట. బల్లలు పార్కులోంచి అద్దెకి తెచ్చారట. చెట్లు కుండీల్లోవేనట. మీ కారు మలుపు తిరగ్గానే అన్నీ పట్టుకెళ్ళిపోయారట. చేపలవాళ్ళు ఈవిడ్ని ఇప్పటికీ తిడుతూనే ఉన్నారట.”

మేయరు వీధిలో వరసగా ఉన్న పూలకుండీల వైపు చూశాడు, వాటి మెడల్లో చీటీల వైపు చూశాడు. ఏళ్ళ తరబడి ఈ ఊరు ఆ ఊరికి లేని వీధిని చూపిస్తోంది, ఆ ఊరు ఈ ఊరికి లేని వీధిని చూపిస్తోంది. సాయంత్రం తాను ప్రకటించబోయేది ఆ లేని వీధినే, అచ్చం ఆ కొలతలతోనే. ఇదంతా ఆయన మొహంలో కనిపించిందని చెప్పలేం. ఆయన మొహం అలాంటివి చూపించడానికి అలవాటుపడ్డది కాదు.

ఆవిడ అప్పటికే వేరే సంగతిలో ఉంది. జెండాలు వేలాడుతున్న కొక్కేలని చూపించి అడిగింది. దుభాషి అడిగేలోపే షావుకారుకి అర్థమైంది. “అవునండి. ఇక్కడే పేనుతాం.”

“పేని చూపించగలరా అంటున్నారు.”

షావుకారు బావమరిదిని చూడలేదు. మేయరునే చూశాడు. “సార్ అనుమతిస్తే.”

ఫోటోగ్రాఫరు అక్కడే ఉన్నాడు. అతిథి ఎదురుగా ఉంది. మేయరు తల ఊపాడు.

తర్వాత జరిగినది ఆ బజారులో ముందెప్పుడూ జరగలేదు. వెనక సందులోంచి పనివాళ్ళు వచ్చారు. బావమరిది కోటు విప్పి పక్కన పెట్టి, పొద్దున పెట్టించిన కుండీలని తనే మోసి గోడవారకి జరిపాడు. జెండాలు తీసి కొక్కేలకి పేటలు తగిలించారు. అడ్డం వచ్చే బండి లేదు, కాలికి తగిలే గోనె లేదు. వీధంతా ఖాళీ చేసి ఉండటంవల్ల పని ఎన్నడూ లేనంత సుఖంగా సాగింది. ఆ మేరకు నగరపాలక సంస్థ శ్రమ వృథా పోలేదని ఒప్పుకోవాలి. పర్యవేక్షకురాలు ఒక చివర పిడి తిప్పింది. రెండో చివర ఫోటో కోసమని మేయరు చెయ్యి వేశాడు. ముట్టుకుంటే అంటుకుపోయే తారు పూసిన పేట అది. ఆయన ఫోటో అయ్యాక కూడా కాసేపు అలాగే పట్టుకుని ఉండవలసి వచ్చింది. షట్టర్లు ఒకటొకటే లేచాయి. పిన్ని బకెట్లు తెచ్చి బయట పేర్చుకుంది.

వెళ్ళే ముందు ఆవిడ కొత్త మోకులోంచి ఒక ముక్క కోయించి చంకలో పెట్టుకుంది. దీన్ని తీసుకెళ్ళి మా రేవు నీళ్ళలో నానేస్తాను, నిలబడితే మా పడవలన్నిటికీ ఈ వీధి మోకే కడతాం, కాని ఈ పొడుగే కావాలి, అతుకులు వేసింది వద్దు, అంది. మేయరు “చూద్దాం, చూద్దాం” అన్నాడు. ఆ మాటని దుభాషి ఏమని చెప్పిందో తెలియదు. ఆవిడ మాత్రం చాలా సంతోషించింది.

మధ్యాహ్నం బావమరిది భోజనానికి వచ్చాడు. వస్తాడో రాడో అని షావుకారు పైకి అనకుండా రెండుసార్లు కిటికీలోంచి చూసి ఉన్నాడు. కోటు భుజాన ఉంది, చేతులకి తారుంది. బల్ల ముందు కూచున్నాడు.

“తిట్టారా?” అంది అక్క.

“తిడితే బాగుండేది.” గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు. “కారెక్కుతూ అడిగారు. సాయంత్రం ప్రసంగంలో నడక వీధి ముక్క ఉంచాలా, తీసెయ్యాలా అని. ప్రసంగం రాసింది నువ్వు, వీధి ఊడ్పించింది నువ్వు, అక్కడ మోకు పట్టుకున్నది మీ బావ. నువ్వే తేల్చు. ఏది జరిగినా నీ పేరే చెబుతాను, కాసేపట్లో ఫోను చేస్తాను అన్నారు.”

ముక్క ఉంచితే వీధి పోతుంది, వీధితో మోకు పోతుంది, ఆవిడ మాట పోతుంది. తీసేస్తే కొత్త విభాగం పోతుంది, అందులో కుర్చీ పోతుంది. మళ్ళీ పూలగుత్తులూ, మళ్ళీ ఎవరి పక్కన ఎవరూ.

“బావా, నువ్వు చెప్పు. ఏం చెయ్యమంటావు?”

షావుకారు అలాంటి ప్రశ్న కోసం జీవితమంతా ఎదురు చూసేవాళ్ళలో ఒకడు. కొనేవాడే ధర నువ్వే చెప్పమని అడగడం. కాని తీసెయ్యమంటే అది తన లాభం కోసం అన్న మాటే అవుతుంది. ఆ మాట ఈ బల్ల ముందు ఎప్పటికీ ఉండిపోతుంది.

“అది నన్ను అడక్కు,” అన్నాడు. “పొద్దున నువ్వు నా దగ్గర మాట తీసుకున్నావు, నేను నిలబెట్టుకున్నాను. ఇప్పుడు నేను నీ దగ్గర మాట తీసుకోను.”

“ముందు తిను,” అంది అక్క. “కడుపు ఖాళీగా ఉన్నవాడు ఏం తేల్చినా తర్వాత ఏడుస్తాడు.”

అప్పుడే ఫోను మోగింది. బల్లమీద కూరగిన్నె పక్కన అది అటూ ఇటూ కదులుతూ మోగింది. బావమరిది అక్కని చూశాడు, బావని చూశాడు, కిటికీలోంచి వినిపిస్తున్న హమాలీల కేకలు కాసేపు విన్నాడు. చెయ్యి తుడుచుకుని ఫోను చెవికి ఆనించుకున్నాడు.

“సార్. ఆ ముక్క గురించేనా? తేల్చేశాను సార్.”

ఇక ఆ పూటకి షావుకారు లెక్క. పొద్దున చేతిలో లేనివి ఇప్పుడు ఏమేమి వచ్చాయంటే, ఒక మోకు ముక్క సముద్రం దాటబోతోంది. ఒక మేయరు అరచేతికి తారంటింది, అది సబ్బుకి పోయేది కాదు. మూసిన షట్టర్లు లేచాయి, కాకపోతే సాయంత్రం దాకా. అన్నిటికంటే పెద్ద రాబడి, పొద్దున ఆయన చేత మాట పలికించుకుని వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఆయన ఎదుటే కూచుని, ఆయన చెప్పకుండానే తన మాట తను చెప్పబోతున్నాడు. వచ్చినవి ఇవి. పోయినదేదో ఉంటే, అది ఆ తర్వాతి మాటలో ఉంది. ఆ మాట వచ్చేవారం విందాం.